ఎవరి టికెట్టు వారి చేతికే

టికెట్టు కిటికీ వెనుక కొత్తగా కూర్చోబోయే వారి కోసం ఇది రాస్తున్నాను. రాయమని నన్నెవరూ అడగలేదు. మొన్న కామారెడ్డి స్టేషనుకు పోయి వరుసలో నిలబడ్డాను. నా ముందు ఒక ముసలాయన ఉన్నాడు. టికెట్టు తీసుకుని, "బిడ్డా, బండి ఏ దిక్కు నిలుస్తది?" అని అడిగాడు. లోపలి యువకుడు తల ఎత్తకుండానే "బోర్డు చూడు" అన్నాడు. ఆ ముసలాయన బొటనవేలికి ఏదో సర్కారు కచేరీలో అంటిన సిరా ఇంకా ఆరలేదు. వేలిముద్ర వేసి వచ్చిన మనిషిని బోర్డు చదువుకొమ్మనడం ఏ నియమావళిలో ఉందో నాకు తెలియదు. ఇంటికి వచ్చాను కానీ కుదురుగా కూర్చోలేకపోయాను. సాయంత్రానికి నా పాత నోటుపుస్తకాలు దించాను.

కొలువులో ఉన్నన్నాళ్లూ కిటికీ దగ్గర ప్రయాణికులు అడిగిన ప్రశ్నలను, నేనిచ్చిన జవాబులను, జవాబు తప్పయితే ఎందుకు తప్పయిందో ఆ కారణాన్ని రాసి పెట్టుకున్నాను. ఏ ఏడాది నాకు ఏ హోదా వచ్చిందో ఆ పుస్తకాలలో లేదు, ఇక్కడా ఉండదు. పంతొమ్మిది వందల ముప్పైలలోనూ నలభైల మొదట్లోనూ కామారెడ్డి స్టేషనులో, ఆ తరువాత ఎల్లారెడ్డి బస్సు కిటికీలో నేను నేర్చుకున్నది మాత్రమే చెబుతాను. అందులో ఎక్కువ భాగం తప్పు చేసి నేర్చుకున్నదే.

పట్నం పోయే మనిషిని ఏమడగాలి

ఆ రోజుల్లో ఎల్లారెడ్డి నుంచి రైల్వే వారే నడిపే బస్సు లింగంపేట మీదుగా వచ్చి రైలుకు అందేది. గాంధారి వైపు వారు ఎడ్లబండ్లు కట్టుకుని ముందురోజే వచ్చి, స్టేషను బయట మూడు రాళ్లు పెట్టి వండుకునేవారు. వారిని చూసి నవ్వే గుమాస్తాలు నా పక్కనే ఉండేవారు. రైలు తెలియకపోవడం అజ్ఞానం కాదు. నాకు నాగలి పట్టడం రాదు, అయినా నన్నెవరూ మూర్ఖుడనలేదు.

నన్ను కొలువులో చేర్చుకున్న మొదటి పై అధికారి, ఆ స్టేషను మాస్టరు, మొదటి వారం నన్ను కిటికీ దరిదాపులకు రానివ్వలేదు. చేతిలో మూడో తరగతి టికెట్టు పెట్టి, "పట్నం పో. దిగు, బస్సెక్కు, తప్పిపోయి రా" అన్నారు. తప్పిపోయి రమ్మన్న అధికారిని నా జీవితంలో ఆయన ఒక్కరినే చూశాను. నేను నిజంగానే తప్పిపోయాను. దిగవలసిన చోట దిగలేదు, ఎక్కవలసిన బస్సు ఎక్కలేదు, అడగకూడని మనిషిని దారి అడిగాను. తిరిగి వచ్చి చెబితే, "ఇగ కూసో. ఇప్పుడు నీకు చెప్పనీకె ఏమన్న ఉన్నది" అన్నారు.

ఆ ఒక్క రోజు నాకు నేర్పింది ఇది. "పట్నానికి ఒకటి" అనగానే టికెట్టు కొట్టి ఇవ్వకండి. పట్నంలో రైలు ఒక్కచోట ఆగదు. దవాఖానాకా, కచేరీకా, చుట్టాల ఇంటికా అని ముందు అడగండి. సికింద్రాబాదులో దిగవలసిన మనిషి కాచిగూడ దాకా పోతే సగం పూట నడకకే పోతుంది. చదువు రానివారికి స్టేషను పేరు ఒక్కటే చెప్పి ఊరుకోకండి, కంటికి కనపడే ఆనవాలు చెప్పండి, దానికి ముందు వచ్చే స్టేషను ఆనవాలు కూడా చెప్పండి. దిగవలసిన చోటు వచ్చాక లేవడం కాదు, దానికి ముందరి చోట మూట సర్దుకోవాలి. ఈ ఆనవాళ్లు చెప్పాలంటే మీరు ఆ దారిన పోయి ఉండాలి. పోకుండా చెప్పేవాడు అబద్ధం చెబుతున్నట్టే.

పట్నంలో బస్సెక్కిన తరువాత ఏం చెప్పాలో బీర్కూరు రైతు ఒకాయన వల్ల తెలిసింది. నేనూ అదే బస్సులో ఉన్నాను. కండక్టరు ఆయనను అడిగాడు:

"ఏడ దిగుతవు తాతా?"

"మా బామ్మర్ది ఇంటికాడ."

"ఎవరు మీ బామ్మర్ది?"

"నర్సిమ్ములు. ఎర్రగుంటడు. అందరికి ఎరికె."

"నాకెరిక లేదు."

"గిన్నేండ్ల సంది గీ బస్సుల తిరుగుతున్నవు, నర్సిమ్ములు ఎరిక లేదా? నీకు నౌకరి ఎట్లిచ్చిండ్రయ్యా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. తరువాత ఆలోచిస్తే, బీర్కూరులో ఆ మాట సరిగ్గా సరిపోతుంది. మనిషి పేరు చెబితే ఇల్లు దొరికే చోటి నుంచి ఆయన వచ్చాడు. అప్పటి నుంచి ప్రతి వారికీ చెప్పేవాణ్ణి: బస్సులో మనిషి పేరు చెప్పకండి, చోటు పేరు చెప్పండి. దారి అడగవలసి వస్తే మూట మోస్తామని వెంటపడే వాణ్ణి అడగకండి, కొట్టు తెరుచుకుని కూర్చున్నవాణ్ణి అడగండి. అతను రేపు కూడా అక్కడే ఉండాలి కనుక అబద్ధం చెప్పడు.

ఇవన్నీ నేను శ్రద్ధగా చెప్పాను. అన్నిటికంటె ముందు చెప్పవలసిన మాటను మాత్రం చెప్పలేదు.

జనానా పెట్టె

రైలులో స్త్రీలకు వేరే పెట్టె ఉండేది. ఇంటి నుంచి ఎందరు వచ్చినా టికెట్లన్నీ వెంట వచ్చిన మగవాని జేబులోనో రుమాలు ముడిలోనో ఉండేవి. ఇది ఏ అధికారీ పెట్టిన నియమం కాదు. ఇంట్లో తాళంచెవి పెద్దవారి దగ్గర ఉన్నట్టే ఇదీ అని అందరూ అనుకున్నారు, మేమూ అనుకున్నాం. బండి ఆగిన ప్రతి స్టేషనులో మగవాళ్లు దిగి, జనానా పెట్టె దాకా పరుగెత్తి, "ఉన్నరా?" అని కేక వేసేవారు. లోపలి నుంచి "ఉన్నం" అని వినపడగానే తిరిగి పరుగెత్తేవారు. గార్డులు దీన్ని వేడుకగా చూసేవారు.

ఆ పరుగులో ఒకరు వెనుకబడితే టికెట్టు ఒకచోట, మనిషి ఒకచోట అవుతారని మాలో ఎవరికీ తట్టలేదు. తట్టలేదనడం కూడా సరికాదు. ఒక మనిషి నాకు చెప్పింది. నేను వినలేదు.

రెండు చేతులు

ఆమె పేరు సాయవ్వ. ఎల్లారెడ్డి దగ్గరి పల్లె. భర్త చనిపోయాక ఎకరం చిల్లర వరి పండే తరి పొలాన్ని ఆమే దున్నించి, ఆమే నాటు వేసి సాగు చేస్తున్నది. భర్త పెద్దనాన్న కొడుకు, ఆ పొలం తనదని పట్వారీ చేత రాయించుకున్నాడు. ఆమె పట్నంలోని పెద్ద దఫ్తరుకు అప్పీలు పెట్టుకుంది. విచారణ పేషీ పదకొండు గంటలకు, స్వయంగా హాజరు కావాలి, రాకుంటే దరఖాస్తు కొట్టేస్తారని వకీలు కబురు పంపాడు. అప్పటికి పొలంలో వరి పాలు పోసుకుంటున్నది. ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఏడాది తిండి ఆ వరే.

తెల్లవారి బండికి ఆమె మరిది మల్లయ్యతో వచ్చింది. మల్లయ్య మంచివాడు, వదినె తరఫున నిలబడినవాడు. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే తరువాత చాలామంది అతన్ని అనుమానించారు.

నేను రెండు అట్ట టికెట్ల మీద తేదీ గుద్ది బయటికి జరిపాను. కిటికీలోకి రెండు చేతులు ఒకేసారి వచ్చాయి.

"నాది నాకియ్యయ్యా" అంది సాయవ్వ.

మల్లయ్య నొచ్చుకున్నాడు. "ఏంది వదినె, నేను లేనా?"

"ఉన్నవు. గని నువ్వో పెట్టె, నేనో పెట్టె గద. నువ్వు ఎన్కబడితే?"

వెనుక వరుసలో ఎవరో అన్నాడు: "పట్టా గూడ తనదే గావాలె, టికెట్టు గూడ తనదే గావాలెనట!" నలుగురు నవ్వారు. నేను రెండు టికెట్లనూ మల్లయ్య చేతిలో పెట్టి, "అవ్వా, రెండు ఒక్కతాన ఉంటే భద్రం. కొంగుల కడితే ఏడనన్న జారిపోతది" అన్నాను. ఆమె చేయి ఇంకా కిటికీలోనే ఉంది. ఒక క్షణం ఉంచి వెనక్కి తీసుకుంది. నేను ఆ రోజు పుస్తకంలో ఇలా రాసుకున్నాను: "ఎల్లారెడ్డి వైపు స్త్రీ తన టికెట్టు తనకే ఇవ్వమని అడిగింది. మరిదికి ఇచ్చాను." దాన్ని ఒక వింతగా రాసుకున్నానే తప్ప తప్పుగా రాసుకోలేదు.

తరువాత జరిగింది వారిద్దరూ చెప్పగా తెలిసింది. మేడ్చల్‌లో బండి ఆగితే మల్లయ్య పరుగెత్తి వచ్చి, "వదినె, ఇంక దగ్గరికొచ్చినం" అన్నాడు. ఆమె దప్పికగా ఉందంది. అతను చెంబు పట్టుకుని నల్లా దగ్గరికి పోయాడు. అక్కడ పదిమంది ఉన్నారు. చెంబు నిండేలోగా బండి కదిలింది. అతను వెంటపడ్డాడు కానీ అందలేదు. తరువాతి బండి మధ్యాహ్నానికి.

పట్నంలో సాయవ్వ దిగి మరిది కోసం చూసింది. జనమంతా పోయారు. గేటు దగ్గర టికెట్టు అడిగారు.

"మా మరిది తాన ఉన్నది."

"మరిది ఏడి?"

"గదే చూస్తున్న. నన్ను పోనియ్యిండ్రయ్యా, పేషీ ఉన్నది."

"టికెట్టు లేనోళ్లందరికి పేషీలే ఉంటయి. గా బల్ల మీద కూసో."

ఆ గేటు మనిషిని నేను తప్పుపట్టను. అతను రోజూ వినే అబద్ధానికీ ఆమె చెప్పిన నిజానికీ మాటల్లో తేడా లేదు. తేడా చూపగలిగే అట్టముక్కను ఆమె చేతికి రాకుండా చేసినవాణ్ణి నేను. మల్లయ్య మధ్యాహ్నం బండిలో వచ్చి రెండు టికెట్లూ గేటులో అప్పగించాడు. ఇద్దరూ దఫ్తరుకు పరుగెత్తారు. ఆమె పేరు పిలిచి, రాలేదని రాసుకుని, దరఖాస్తు కొట్టేశారు.

మూడు అంగళ్లు

వారం తిరక్కముందే ఆమె నా కిటికీకి వచ్చింది. చేతిలో మూట లేదు.

"అయ్యా, యాదికున్ననా?"

"ఉన్నవు."

జరిగిందంతా చెప్పింది. టికెట్టు కొని బయలుదేరిందనీ, తన నిర్లక్ష్యం వల్ల ఆలస్యం కాలేదనీ రుజువైతే దరఖాస్తును మళ్లీ విచారణకు తీసుకుంటారని వకీలు చెప్పాడట. టికెట్లు గేటులో పోయాయి. మరిది మాట సొంత మనిషి మాట కనుక చెల్లదు. "నువ్వు గుద్దిచ్చినవు. నువ్వు రాసియ్యి. వరి పండుతున్నది. కోతకు ముందల కేసు తెగకుంటే వాడు కోసుకపోతడు."

నేను అప్పుడే రాసి ఇచ్చి ఉండవచ్చు. అరపేజీ రాత. రాయలేదు. స్టేషను మాస్టరును అడిగాను. మొదటి ఆయన అప్పటికి లేరు, ఈయన వేరు. కిటికీ దగ్గర ప్రయాణికులతో మాట్లాడితే వరుస పెరుగుతుందని నన్ను ఎప్పుడూ మందలించేవారు. ఆయన కాగితం మీది నుంచి చూపు తీయకుండా అన్నారు:

"గవాయి చెప్పనీకె పోతవా? పో. గని నౌకరి గడప అవతల పెట్టి పో."

"సాక్ష్యం రాతపూర్వకంగా అడిగితే?"

"అడుగుమను. పైకి పంపుదాం. పైనోళ్లు చూసుకుంటరు."

నేను ఆ మాట పట్టుకున్నాను. సాయవ్వ చేత దరఖాస్తు పెట్టించాను, పైకి పంపాను, నా పని అయిపోయిందనుకున్నాను. యువకులారా, ఇక్కడ జాగ్రత్తగా చదవండి. పై అధికారి అడ్డుపడ్డాడని చెప్పుకోవడం మన వృత్తిలో అందరికీ తెలిసిన సాకు. ఆయన నా చేయి పట్టుకోలేదు. నేనే ఆయన మాట వెనుక దాక్కున్నాను.

ఆమె వారపు అంగడి రోజున వచ్చింది. "ఏమన్న వచ్చిందా?" రాలేదన్నాను. మరుసటి అంగడికీ వచ్చింది. అప్పటికీ రాలేదు. ఆ వారం ఒకరికి బదులు ఒకరికి టికెట్లు ఇచ్చాను. తేదీ యంత్రంలో నిన్నటి తేదీ మార్చకుండా గుద్ది, రెండుసార్లు క్షమాపణ చెప్పాను. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. మూడో అంగడికి ఆమె ఏమీ అడగలేదు. వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక నా ముఖం చూసి, పక్కకు తప్పుకుంది.

ఆ రోజు ఇంట్లో నా భార్యకు ఇదంతా చెప్పి, పెద్దబాబు, అంటే మా స్టేషను మాస్టరు, ఎంత కఠినుడో వివరించాను. ఆమె బియ్యం చెరుగుతూ విన్నది.

"టికెట్టు ఆమెకియ్యనిది పెద్దబాబా?"

"కాదు. నేనే."

"మరి ఆయన్నెందుకు తిడుతున్నవు? నువ్వు రైలోనివి. పుట్టింటికి పోయినప్పుడల్ల పాసు నీ అంగీ జేబులనే ఉన్నది. నాకెన్నడన్న ఇచ్చినవా?"

మర్నాడు సెలవు చీటీ రాసి, పెద్దబాబు బల్ల మీద పెట్టి, సాయవ్వ పల్లెకు కబురు పంపాను. బయలుదేరిన రోజు కిటికీలో నా బదులు కూర్చున్న గుమాస్తాతో మల్లయ్యే అన్నాడు: "మొదలు మా వదినెకియ్యి బాబూ."

దఫ్తరులో

పట్నం దఫ్తరులోని అధికారి వయసు మళ్లినవాడు, ఉర్దూలో అడిగాడు. నా చదువంతా ఉర్దూలోనే కనుక ఉర్దూలోనే చెప్పాను. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఈమె టికెట్టు కొన్నదా?"

"కొన్నది. నేనే ఇచ్చాను."

"ఈమెకు ఇచ్చావా?"

"లేదు. ఈమె మరిదికి ఇచ్చాను."

"ఈమె అడగలేదా?"

"అడిగింది. చేయి చాచింది. ఎందుకు కావాలో కూడా చెప్పింది. పెట్టెలు వేరు కనుక అతను వెనుకబడవచ్చునని చెప్పింది."

ఆయన కలం దించాడు. "అంటే ఏం జరగబోతుందో ముందే చెప్పింది. మరి ఎందుకివ్వలేదు?"

నా నోటుపుస్తకం ఆయన ముందే తెరిచి ఉంది. దానిలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆచారమని చెప్పబోయాను. ఆచారం నా చేతిని ఎవరి వైపు జరిపిందో ఆయనకు తెలుసు. "వెనుకవాళ్లు నవ్వారు" అన్నాను. అంతకంటె నిజమైన కారణం నాకు దొరకలేదు. ఆయన మళ్లీ కలం ఎత్తి, దరఖాస్తును మళ్లీ విచారణకు తీసుకుంటున్నట్టు రాశాడు.

కొన్ని నెలలకు పొలం సాయవ్వదేనని తీర్పు వచ్చింది. అంతకంటె ముందే నా సెలవు చీటీకి జవాబుగా నన్ను కామారెడ్డి నుంచి తీసి ఎల్లారెడ్డి బస్సు కిటికీకి పంపారు. శిక్ష అనుకునే పంపారు. అక్కడ వరుస చిన్నది, మాట్లాడవద్దనేవారు లేరు. రైలు దాకా కలిపి ఇచ్చే టికెట్టు కనుక, పట్నం దారిని మొదటి నుంచి చివరి దాకా మనిషికి చెప్పే వీలు అక్కడే ఎక్కువ. పైన నేను రాసిన దారి సూచనలు చాలావరకు ఆ బస్సు కిటికీ తడికెల గదిలోనే చక్కబడ్డాయి.

ఎల్లారెడ్డి కిటికీ

తీర్పు కాగితం తీసుకున్న వారం సాయవ్వ అక్కడికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, ఒక మంచిమాట వింటాననుకున్నాను.

"పొలమొచ్చిందయ్యా."

"సంతోషం సాయవ్వా."

"గని వడ్లు రాలేదు. నువ్వు పట్నం వచ్చిన నాటికే వాడు కోసి, కొట్టి, ఇంటికి తోలుకున్నడు. నేను మూడు అంగళ్లు నీ కాడికి తిరిగినప్పుడు వరి కంకులు వంచి పొలంలనే ఉండె."

"అవును. తప్పు నాదే."

"నీదే."

తిట్టలేదు. సరుకు ధర ఎంతో చెప్పినట్టుగా చెప్పింది. పిల్లలు ఏం తింటున్నారని అడిగాను. జొన్న గటుక అంది, కూలి దొరికిన నాడు. మా ఇంట్లో వడ్లున్నాయనీ, రెండు బస్తాలు బండి మీద పంపిస్తాననీ అన్నాను. ఆ మాట అనడానికి నాకు చాలా ధైర్యం కావలసి వచ్చింది.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నాది నాకు రావాలె గని, నీది నాకెందుకయ్యా? గది దానమైతది. నేను దానం అడగనీకె రాలే. చెప్పిపోదామని వచ్చిన."

చెప్పి, వెళ్లిపోయింది.

ఆమె వెనుక ఒక కొత్త జంట నిలబడి ఉన్నారు. పెళ్లి పసుపు ఇంకా ఆరలేదు. అతను, "బాబూ, పట్నానికి రెండు" అని అరచేయి లోపలికి చాచాడు. రెండు టికెట్ల మీద తేదీ గుద్దాను. ఒకటి అతనికిచ్చాను. రెండోదాన్ని పట్టుకుని ఆ అమ్మాయి చేతి కోసం చూశాను. ఆమె చేతులు కొంగులోనే ఉన్నాయి.

"నాకియ్యిండ్రి, నేను పెట్టుకుంట" అన్నాడు అతను.

"నీది నీకిచ్చిన" అన్నాను. "చెయ్యి చాపు తల్లీ."

ఆమె భర్త వైపు చూసింది. వెనుక ఎవరో నవ్వారు. బస్సు హారను మోగింది. నేను టికెట్టు పట్టుకునే ఉన్నాను. ఆమె చేయి కొంగులో నుంచి బయటికి వచ్చేదాకా అలాగే పట్టుకుని ఉన్నాను.